ఆసుపత్రి కంప్యూటర్ ఎవరికి తేలికగా ఉండాలి?

మన ఇళ్లలో ఇప్పుడు రెండు రకాల ఉద్యోగాలు చేసే పిల్లలు కనిపిస్తున్నారు. ఒకరు బి.టెక్ చదివి హైదరాబాదులోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. మరొకరు నర్సింగో, ఫార్మసీయో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సో చదివి, ఆసుపత్రిలో అలాంటి సాఫ్ట్‌వేర్ ముందే రోజంతా పని చేస్తున్నారు. పండుగకు ఇంటికి వస్తే ఇద్దరూ ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుంటారు. కానీ ఒకరి పని గురించి మరొకరు అడిగి తెలుసుకోవడం అరుదు. ఈ వ్యాసం ఆ ఇద్దరి కోసం రాస్తున్నాం. ఉచిత డిస్పెన్సరీలు, వైద్య శిబిరాలు, చిన్న ఆసుపత్రులు నడిపే కమిటీల సభ్యుల కోసం కూడా రాస్తున్నాం. ఎందుకంటే ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో, ఎవరితో రాయించాలో నిర్ణయించేది వారే.

సాఫ్ట్‌వేర్ తేలికగా ఉండాలని అందరూ అంటారు. అయితే ఎవరికి తేలిక, ఏ పనిలో తేలిక అని అడగాలి. పనిలో రెండు రకాల శ్రమ ఉంటుంది. ఒకటి దండగ శ్రమ, దాన్ని తీసేయాలి. రెండోది తప్పు జరగకుండా కాపలా కాసే శ్రమ, దాన్ని ఉంచాలి. ఏది ఏదో చెప్పగలిగేది ఆ పని రోజూ చేసే మనిషి. మేము చెప్పదలచుకున్నది ఇదే.

ఫోన్ యాప్ వేరు, పని సాఫ్ట్‌వేర్ వేరు

కరెంటు బిల్లు కట్టే యాప్‌ను నెలకు ఒకసారి తెరుస్తాం. ఎవరూ నేర్పకుండానే దాన్ని వాడగలగాలి. కాబట్టి పెద్ద అక్షరాలు, పేజీకి ఒక ప్రశ్న ఉంటే మంచిది. ఐసీయూ నర్సు పరిస్థితి అది కాదు. ఆమె చదువుకుని, శిక్షణ పొంది వచ్చిన మనిషి. అదే తెరను ఒక్క షిఫ్టులో ఎన్నోసార్లు చూస్తుంది. బీపీ, నాడి, ఆక్సిజన్, మూత్రం కొలత, ఎక్కుతున్న మందులు అన్నీ పక్కపక్కన కనిపిస్తేనే రోగి కోలుకుంటున్నాడో, దిగజారుతున్నాడో ఆమెకు తెలుస్తుంది. తెర మరీ నిండుగా ఉందని వాటిని ఐదు పేజీలుగా విడగొడితే చూడడానికి అందంగానే ఉంటుంది. కానీ ఒక పేజీలోని అంకెను గుర్తుంచుకుని ఆమె మరో పేజీకి వెళ్లాలి. మధ్యలో ఎవరో పిలుస్తారు, అంకె మరిచిపోతుంది.

పని తెలిసినవారికి నచ్చిన సాఫ్ట్‌వేర్‌కు మంచి ఉదాహరణ 1979లో వచ్చిన విసికాల్క్. ఈనాటి ఎక్సెల్‌కు అది పూర్వీకురాలు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ విద్యార్థి డాన్ బ్రిక్లిన్, తన మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి దాన్ని తయారు చేశాడు. లెక్కలు రాసేవారికి అలవాటైన అడ్డువరుసలను, నిలువు గడులను అది అలాగే ఉంచింది. ఒక అంకె మారితే మిగతా కూడికలన్నీ చెరిపి మళ్లీ వేసే శ్రమను మాత్రం తీసేసింది. ఏ అంకె ఎందుకు వేయాలన్న ఆలోచన మాత్రం లెక్కలు రాసే మనిషి దగ్గరే ఉండిపోయింది.

ఒక యంత్రం నేర్పిన పాఠం

తేలిక అనే మాటను తప్పుగా అర్థం చేసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి థెరాక్-25 కథ చాలు. అది క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే యంత్రం. కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్ తయారు చేసింది. 1985 జూన్ నుంచి 1987 జనవరి వరకు అమెరికా, కెనడాల్లో ఆరుగురు రోగులకు అది విపరీతమైన మోతాదులో రేడియేషన్ ఇచ్చింది. వారిలో కొందరు ఆ గాయాలతోనే చనిపోయారు.

ఆ యంత్రం రెండు విధాలుగా పని చేసేది. ఎలక్ట్రాన్ చికిత్సకు తక్కువ శక్తి ధార చాలు. ఎక్స్‌రే చికిత్సకు ఎన్నో రెట్లు ఎక్కువ ధార కావాలి, అయితే దానికి అడ్డంగా ఒక లోహపు పలక వచ్చి నిలవాలి. పాత మోడల్‌లో, పలక సరైన చోట లేకపోతే ధార బయటికి రాకుండా విడిగా మరలు, తాళాలు ఉండేవి. కొత్త మోడల్‌లో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందని వాటిని తీసేశారు.

మొదట్లో ఆపరేటర్ చికిత్స వివరాలను రోగి దగ్గర యంత్రం మీద ఒకసారి, బయట కంప్యూటర్‌లో మరోసారి నమోదు చేయాల్సి ఉండేది. రెండూ సరిపోతేనే యంత్రం కదిలేది. ఇది విసుగ్గా ఉందని ఆపరేటర్లు అన్నారు. అప్పుడు కంపెనీ, ఎంటర్ మీట నొక్కుతూ పోతే లోపలి వివరాలే తెరమీదకు వచ్చేలా మార్చింది. పని తేలికైంది. కానీ రెండుసార్లు రాయడం వల్ల జరిగే సరిచూపు పోయింది. ఆపరేటర్ల విసుగు నిజమే. దాన్ని తీర్చేటప్పుడు, ఆ సరిచూపు స్థానంలో ఇంకేం పెట్టాలని అడగాల్సింది.

1986 మార్చిలో టెక్సాస్ రాష్ట్రంలోని టైలర్ పట్టణంలో, అనుభవం గల ఒక ఆపరేటర్ ఎలక్ట్రాన్‌కు బదులు పొరపాటున ఎక్స్‌రే అక్షరం కొట్టింది. వెంటనే గమనించి వెనక్కి వెళ్లి సరిదిద్దింది. తెరమీద అంతా సరిగానే కనిపించింది. కానీ సుమారు ఎనిమిది సెకన్లలోపు చేసిన మార్పును లోపలి ప్రోగ్రామ్ అందుకోలేకపోయింది. చికిత్స మొదలుపెట్టగానే యంత్రం ఆగి, ‘మాల్‌ఫంక్షన్ 54’ అని చూపించింది. ఆ 54కు అర్థం ఏమిటో ఆపరేటర్లకు ఇచ్చిన పుస్తకంలో లేదు. అలాంటి సందేశాలు రోజూ వస్తూనే ఉండేవి, ఎప్పుడూ ఏమీ కాలేదు. పైగా ఒక్క ‘పి’ మీట నొక్కితే చికిత్స కొనసాగేది. ఆమె నొక్కింది. లోపల రోగికి అప్పటికే ఒకసారి తగిలింది, రెండోసారీ తగిలింది. ఆయన కొన్ని నెలల తర్వాత చనిపోయారు.

యంత్రం అలా ఎక్కువ మోతాదు ఇవ్వడం అసాధ్యమని కంపెనీ చెబుతూ వచ్చింది. ఏప్రిల్‌లో అదే ఆసుపత్రిలో మరో రోగికి అలాగే జరిగింది. అప్పుడు ఆసుపత్రి భౌతిక శాస్త్రవేత్త, ఆ ఆపరేటర్ కలిసి కూర్చుని, ఆమె ఏ వరుసలో ఏ మీట నొక్కిందో గుర్తుచేసుకుంటూ మళ్లీ మళ్లీ ప్రయత్నించారు. చివరికి 54 తెరమీదకు వచ్చింది. అసలు విషయం వేగంలో ఉంది. నెమ్మదిగా కొడితే ఆ లోపం బయటపడదు, చేయి తిరిగిన మనిషి కొడితేనే బయటపడుతుంది. అంటే, పని చేసేవారి వేగంతో, వారి అలవాట్లతో పరీక్షించని సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించినట్టు కాదు.

హెచ్చరిక అర్థమయ్యేలా ఉండాలి

54 అనే అంకె మన డిస్పెన్సరీల్లోనూ వేరే రూపాల్లో కనిపిస్తుంది. ‘విలువ చెల్లదు’ అని వస్తుంది, ఏ విలువో చెప్పదు. ప్రతి చిన్న విషయానికీ ఎర్ర పెట్టె తెరుచుకుంటే, చదవకుండానే ఓకే నొక్కడం చేతికి అలవాటవుతుంది. ప్రాణం మీదకు వచ్చే హెచ్చరిక కూడా ఆ వరుసలోనే కొట్టుకుపోతుంది. కాబట్టి చిన్న సూచనలు పనికి అడ్డం రాకుండా పక్కన కనిపించాలి. నిజంగా ప్రమాదమైనది మాత్రమే పనిని ఆపాలి.

ఆపినప్పుడు ఏం చెప్పాలి? పిల్లల జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్ సంగతి చూద్దాం. బరువులో కిలోకు ఒక్కసారికి 15 మిల్లీగ్రాములు సాధారణ లెక్క. 12 కిలోల బిడ్డకు 180 మిల్లీగ్రాములు. తొందరలో ఒక సున్నా ఎక్కువ పడితే 1800 అవుతుంది. అప్పుడు తెర ఇలా చెప్పాలి: ‘బిడ్డ బరువు 12 కిలోలు. మీరు రాసింది 1800 మిల్లీగ్రాములు. ఈ బరువుకు ఒక్కసారికి సాధారణంగా ఇచ్చేది 180. దయచేసి సరిచూడండి.’ ఇలా చెబితే చదివిన మనిషికి తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

పని ఇంకా పూర్తి కాలేదు. ఆ సిరప్ 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములున్న సీసాలోనూ వస్తుంది, 250 ఉన్న సీసాలోనూ వస్తుంది. మొదటిదైతే 7.5 మిల్లీలీటర్లు పోయాలి, రెండోదైతే 3.6 చాలు. కౌంటర్ దగ్గర తల్లి అడిగేది మిల్లీగ్రాములు కాదు, ఎన్ని మూతలు పోయాలని. కాబట్టి ఆ రోజు చేతికిచ్చే సీసా ఏదో సాఫ్ట్‌వేర్‌కు తెలియాలి. సీసాతో వచ్చే కొలత మూతలో ఏ గీత వరకు పోయాలో చీటీ మీద రాసి రావాలి. ఈ సంగతి ప్రోగ్రామ్ రాసేవారికి పుస్తకాల్లో దొరకదు. ఒక పూట కౌంటర్ వెనుక నిలబడితే తెలుస్తుంది.

పేర్లు, వయసులు

మన జిల్లాల్లో ఇంకో చిక్కు ఉంది. మహమ్మద్ అనే పేరును ఒకరు మొహమ్మద్ అని, మరొకరు ముహమ్మద్ అని, ఇంకొకరు ఎండీ అని రాస్తారు. షేక్ ఒక కాగితంలో ఎస్కే అవుతుంది. ఇంటిపేరు తప్పనిసరి అని తెర అడిగితే, గుమస్తా ఒకసారి షేక్ అని, మరోసారి తండ్రి పేరు, ఇంకోసారి ఒక చుక్క పెడతాడు. ఒకే ఊళ్లో నలుగురు మస్తాన్‌బీలు ఉండవచ్చు. వెతికినప్పుడు పాత రికార్డు దొరకదు, కొత్తది తెరుస్తారు. పెన్సిలిన్ పడదని రాసి ఉన్నది పాతదానిలో. డాక్టరు ముందు ఉన్నది ఖాళీగా ఉన్న కొత్తది.

దీనికి మందు ఉంది. అక్షరాలను బట్టి కాక ఉచ్చారణను బట్టి వెతికే ఏర్పాటు ఉండాలి. పేరుతోపాటు వయసు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, ఫోను చివరి అంకెలు ఒకే వరుసలో కనిపించాలి. ‘మీరు మస్తాన్‌బీయేనా?’ అని అడిగితే వినబడని ముసలమ్మ కూడా అవునంటుంది. అందుకే ‘మీ పేరు, వయసు చెప్పండి అమ్మా’ అని ఆమెతోనే చెప్పించాలని తెర గుర్తు చేయాలి. పుట్టిన తేదీ తెలియని పెద్దవారికి ‘సుమారు 60’ అని రాసుకోనివ్వాలి. అలా రాయనివ్వకపోతే అందరి పుట్టినరోజూ జనవరి 1 అవుతుంది. చంటిబిడ్డల విషయంలో మాత్రం కచ్చితమైన తేదీ, ఆ రోజు తూచిన బరువు తప్పనిసరి. అక్కడ ఆ శ్రమ ఉండాల్సిందే.

అడ్డదారి కనిపిస్తే కారణం అడగండి

రోగి చేతి పట్టీ మీద, మందు మీద బార్‌కోడ్ చదివి, రెండూ సరిపోతేనే మందు ఇచ్చే పద్ధతి ఈనాడు చాలా దేశాల్లో ఉంది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులకు ఈ ఆలోచన ఇచ్చింది కాన్సాస్ రాష్ట్రం టొపీకాలోని ఒక నర్సు. అద్దె కారు తిరిగి ఇచ్చేటప్పుడు అక్కడి ఉద్యోగి చిన్న యంత్రంతో కోడ్ చదవడం చూసి, మన వార్డులో ఇది ఎందుకు ఉండకూడదని ఆమె అడిగింది. 1990లలో మొదలైన ఆ పని తర్వాత ఆ ఆసుపత్రులన్నింటికీ చేరింది.

అయితే ఇలాంటి పద్ధతి ఉన్న ఆసుపత్రుల్లో పరిశోధకులు మరో సంగతి కూడా చూశారు. కొందరు నర్సులు రోగుల కోడ్‌ల నకళ్లు వేరేచోట అంటించుకుని, మంచం దగ్గరికి వెళ్లకుండానే చదివిస్తున్నారు. కారణాలు వెతికితే పట్టీ తడిసి చిరిగిపోవడం, యంత్రం బ్యాటరీ అయిపోవడం, రోగి నిద్రపోతుండడం వంటివి బయటపడ్డాయి. అడ్డదారి తొక్కినవారిని మందలించడం సులువు. కానీ ఆ అడ్డదారి, పనికీ సాఫ్ట్‌వేర్‌కూ ఎక్కడ పొసగడం లేదో చూపించే గుర్తు. పట్టీ మారిస్తే అడ్డదారి దానంతటదే పోవచ్చు.

కమిటీలు, యువకులు చేయగలిగింది

సాఫ్ట్‌వేర్ కొనేముందు అమ్మేవారు చూపించే ప్రదర్శనతో సరిపెట్టుకోవద్దు. మీ నర్సు, మీ ఫార్మసిస్టు, మీ రిజిస్ట్రేషన్ గుమస్తా, రద్దీగా ఉండే సోమవారం ఉదయం వచ్చేటన్ని చీటీలను వారి వేగంతో నమోదు చేసి చూడమనండి. తప్పు బరువు, అదనపు సున్నా, ఒకే పేరున్న ఇద్దరు రోగులు ఉండేలా చీటీలు సిద్ధం చేయండి. మధ్యలో కరెంటు తీసేయండి. మళ్లీ వచ్చాక ఏం మిగిలిందో చూడండి. ఇబ్బంది చెబితే ఎవరు వింటారో, ఎన్ని రోజుల్లో సరిచేస్తారో కాగితం మీద రాయించుకోండి. కొత్తది కుదురుకునేదాకా పాత రిజిస్టరును అటక మీదకు ఎక్కించవద్దు.

సేవగా సాఫ్ట్‌వేర్ రాసి ఇస్తామని ముందుకొచ్చే యువకులకు ఒక మనవి. మొదటి వారం ప్రోగ్రామ్ రాయకండి. కౌంటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. వారు అరచేతి మీద ఏం రాసుకుంటున్నారో, ఏ చీటీ గోడకు అంటించారో, ఏ మాట రెండుసార్లు అడుగుతున్నారో రాసుకోండి. ఒక్కోదాని పక్కన, ఇది తీసేయాల్సిన శ్రమా, ఉంచాల్సిన శ్రమా అని వారినే అడిగి గుర్తు పెట్టుకోండి. ఆ కాగితం చేతిలో ఉన్నాక ప్రోగ్రామ్ మొదలుపెట్టండి.