ఇద్దరి గొడవలో కనిపించని మూడో మనిషి: ఇల్లందు చుట్టూ మీడియా గీస్తున్న గీతలు

ఇల్లందు ఎస్టీ రిజర్వుడు నియోజకవర్గంలో 2018 ఎన్నికల్లో కాంగ్రెస్ అభ్యర్థి బానోతు హరిప్రియ, టీఆర్ఎస్ అభ్యర్థి కోరం కనకయ్యపై గెలిచారు. 2023లో మళ్లీ ఆ ఇద్దరే ప్రధాన ప్రత్యర్థులు. ఈసారి కనకయ్యది కాంగ్రెస్, హరిప్రియది బీఆర్ఎస్. గెలుపు కనకయ్యది. అయిదేళ్లలో అభ్యర్థులు మారలేదు, జెండాలు తారుమారయ్యాయి. ఆ అయిదేళ్లూ టీవీ చర్చల్లో ఈ రెండు పార్టీలూ రెండు వేర్వేరు ప్రపంచాల్లా కొట్టుకున్నాయి. ఇల్లందులో మాత్రం ఒకరి అభ్యర్థి మరొకరికి సరిపోయారు.

పార్టీల మధ్య విధానాల తేడా ఇంత పలచబడ్డాక ఓటరుకు తేడా చూపించేది ఏమిటి? ఒకరు లంబాడా, ఒకరు కోయ. పార్టీ చెప్పలేని తేడాను తెగ చెప్పడం మొదలుపెడుతుంది. రాజకీయ పోలరైజేషన్ అంటే జనం రెండు భావజాలాలుగా చీలిపోవడమేనని అనుకుంటాం. మన ప్రాంతంలో జరుగుతున్నది అది కాదు. పైనున్నవాళ్ల మధ్య తేడాలు చెరిగిపోతుంటే, కిందనున్నవాళ్ల మధ్య గీతలు ముదురుతున్నాయి. ఆ గీతలను రోజూ దిద్దుతున్నది మీడియా. ఇది ఎలా జరుగుతోందో మూడు సందర్భాల్లో చూద్దాం.

ఎవరి పత్రికో తెలిసిన కాలం

ఇల్లందు సింగరేణికి పుట్టిల్లు. 1871లో ఇక్కడ బొగ్గు జాడ తెలిసింది. 1889లో తవ్వకం మొదలైంది. ఈ పక్కనే ఉన్న సింగరేణి ఊరి పేరే 1920లో కంపెనీ పేరయింది. మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవాళ్లు బొగ్గు కొట్టారు, టబ్బులు నింపారు. చుట్టూ కోయ గూడేలు, లంబాడా తండాలు. ఇక్కడి నుంచే గుమ్మడి నర్సయ్య అయిదుసార్లు శాసనసభకు వెళ్లారు.

అప్పటి సమాచారం యూనియన్ కరపత్రం, గోడరాత, డప్పు మీద పాట, విశాలాంధ్ర, ప్రజాశక్తి వంటి పార్టీ పత్రికల ద్వారా వచ్చేది. ఇవేవీ తటస్థమైనవి కావు. కానీ ఏది ఎవరిదో చదివేవాడికి తెలుసు. అందుకే ఎంత నమ్మాలో కూడా తెలుసు.

ఆ కాలాన్ని బంగారు కాలంగా చెప్పుకోనక్కర్లేదు. వర్గం గురించి అంత మాట్లాడిన ఆ పత్రికలు కులం దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించేవి. 1985 కారంచేడు తర్వాత దళితులు తమ మాటను తామే రాసుకోవాల్సిన అవసరం గుర్తించారు. 1989లో బొజ్జా తారకం సంపాదకత్వంలో 'నలుపు' పక్షపత్రిక వచ్చింది అందుకే. 1991 చుండూరు ఆ అవసరాన్ని మరింత స్పష్టం చేసింది.

ఇప్పటి మీడియా కూడా పార్టీలదే, పేరు మాత్రం వార్తా సంస్థ. 2008లో మొదలైన సాక్షి జగన్ కుటుంబానిది. నమస్తే తెలంగాణ, టీన్యూస్ బీఆర్ఎస్ నాయకత్వానికి చెందినవి. వీ6, వెలుగు వివేక్ వెంకటస్వామి కుటుంబానివి. ఆయన కాంగ్రెస్, టీఆర్ఎస్, బీజేపీల మధ్య మారి 2023లో తిరిగి కాంగ్రెస్‌కు చేరారు. ఇంట్లో ఏ చానల్ పెడతారన్నదే ఇప్పుడు ఆ ఇంటి రాజకీయ గుర్తు. పైగా ఫోన్‌లో వచ్చే వీడియోకు పేరూ ఊరూ ఉండవు. అది ఎవరిదో తెలిసే అవకాశమే పోయింది.

మొదటి సందర్భం: ఆదివాసీ, లంబాడా

2017 డిసెంబర్ 9న హైదరాబాద్ సరూర్‌నగర్ స్టేడియంలో ఆదివాసీలు సభ పెట్టారు. లంబాడాలను ఎస్టీ జాబితా నుంచి తొలగించాలన్నది డిమాండ్. నాలుగు రోజుల తర్వాత, 13న, అదే మైదానంలో లంబాడాలు సభ పెట్టారు. ఆ వెంటనే ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఘర్షణలు జరిగాయి, 144 సెక్షన్ వచ్చింది, ఇంటర్నెట్ ఆగింది. అంతకుముందు అక్టోబర్‌లోనే జోడేఘాట్ మ్యూజియంలో ఉన్న లంబాడా మహిళ బొమ్మను తగలబెట్టారు. మేడారం జాతర పాలకమండలిలో లంబాడాలకు చోటివ్వడం మీదా అభ్యంతరాలు వచ్చాయి. వివాదం ఉద్యోగాలతో మొదలై మ్యూజియంలోకి, జాతరలోకి వెళ్లింది.

ఈ వివాదానికి చరిత్ర ఉంది. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు, లంబాడాలు 1956 నుంచే ఎస్టీలు. తెలంగాణలో కారు. 1976 సవరణ చట్టం ఈ ప్రాంతీయ తేడాను తీసేసింది. 1977 నుంచి ఇక్కడా ఎస్టీలయ్యారు. ఇదే సమూహం కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. పక్క రాష్ట్రాల నుంచి వలస పెరిగిందనీ, చదువులో ముందున్నవాళ్లకే ఉద్యోగాలు పోతున్నాయనీ ఆదివాసీల వాదన. బ్రిటిష్ కాలం నుంచి నేరస్థ జాతి ముద్ర మోసిన తమకు హక్కు రావడమే ఆలస్యమైందని లంబాడాల వాదన. 2011 లెక్కల్లో తెలంగాణ ఎస్టీలలో దాదాపు మూడింట రెండు వంతులు లంబాడాలే. రెండు వాదనల్లోనూ విషయం ఉంది. రెండింటికీ లెక్కలు, పరిష్కారాలు వెతకవచ్చు.

చర్చావేదికల్లో దీనికి చోటు దొరకలేదు. అటొకరు, ఇటొకరు, మధ్యలో యాంకర్. ఈ చట్రంలో కొలాం, చెంచు, కొండరెడ్డి, తోటి వంటి సమూహాలకు కుర్చీ లేదు. కోయ, గోండులతో పోల్చినా వీళ్ల వాటా తక్కువే. ప్రభుత్వానికీ ఆ చట్రంలో కుర్చీ లేదు, అది ప్రేక్షకుడి స్థానంలో హాయిగా కూర్చుంది.

దీనికి పక్కన మరో సంగతి పెట్టి చూడండి. ఏజెన్సీ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో నంబర్ 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. కోయ యువతా, లంబాడా యువతా కలిసి పోగొట్టుకున్న ఉద్యోగాలవి. సరూర్‌నగర్ సభల మీద ఎన్ని చర్చలు చూశాం? జీవో 3 మీద ఎన్ని చూశాం? ఇద్దరూ కొట్టుకుంటే వార్త. ఇద్దరూ నష్టపోతే కాదు.

రెండో సందర్భం: గుత్తికోయలు

2022 నవంబర్ 22న ఇదే భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చంద్రుగొండ మండలంలో, బెండాలపాడు పంచాయతీలోని ఎర్రబోడు దగ్గర, అటవీ రేంజ్ అధికారి శ్రీనివాసరావును నరికి చంపారు. హత్యకు ఏ సమర్థనా లేదు. ఇద్దరు నిందితులకు 2023 ఆగస్టులో కొత్తగూడెం కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. న్యాయప్రక్రియ తన పని తాను చేసింది.

కానీ కోర్టు కంటే ముందు ఇంకో తీర్పు వచ్చింది. కొద్ది రోజుల్లోనే గుత్తికోయలను ఛత్తీస్‌గఢ్‌కు పంపించేయాలని బెండాలపాడులో తీర్మానం చేశారు. ఇద్దరి నేరానికి గూడెం మొత్తానికి శిక్ష. 'గుత్తికోయలు' అనే మాట హెడ్డింగుల్లో ఒక సమూహం పేరుగా కాకుండా నేరం పేరుగా వినపడసాగింది.

ఈ మనుషులు ఇక్కడికి ఎందుకు వచ్చారు? 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన సల్వాజుడుం ఊళ్లను ఖాళీ చేయించింది. 2011 జూలై 5న సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. అప్పటికే వేలమంది గోదావరి ఈవలి అడవుల్లో పోడు కొట్టుకుని బతుకుతున్నారు. అక్కడ ఎస్టీ అయిన మనిషికి ఇక్కడ ఎస్టీ ధ్రువీకరణ పత్రం దొరకదు. పోడు భూమికీ, అటవీ శాఖ నాటే మొక్కలకూ మధ్య తగువు ఏళ్ల తరబడి నలుగుతోంది. ఇదంతా లేకుండా హత్యను మాత్రమే చూపిస్తే మిగిలేది ఒక్కటే బొమ్మ: అటు అమరుడైన అధికారి, ఇటు బయటినుంచి వచ్చిన అనాగరికుడు.

ఏజెన్సీ దళితుడు ఈ బొమ్మలోనే లేడు. షెడ్యూల్డ్ ప్రాంతంలో 1/70 చట్టం ప్రకారం ఎస్టీ కానివాళ్లు భూమి కొనలేరు. ఆదివాసీ భూమికి అది అవసరమైన రక్షణ. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఎస్టీ కానివాళ్లు 2005 నాటికి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవి మీద ఆధారపడినట్టు రుజువు చూపాలి. తాత కూలి చేసిన చోటుకు కాగితం ఎక్కడుంటుంది? 2023 జూన్ 30 నుంచి ప్రభుత్వం సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలు పంచింది. అవి ఎస్టీలకే. ఏజెన్సీలో భూమి లేని దళితుడి సంగతి మాట్లాడితే ఆదివాసీకి వ్యతిరేకమనే ముద్ర పడుతుంది, మాట్లాడకపోతే ఆ మనిషి లెక్కలోనే ఉండడు. రెండు పక్షాల చట్రం చేసే హాని ఇదే.

మూడో సందర్భం: 59 కులాలు, రెండు కుర్చీలు

1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం 30 ఏళ్లు నడిచింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6–1తో ఉపవర్గీకరణను సమర్థించింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ దాన్ని అమల్లోకి తెచ్చింది. 59 ఎస్సీ కులాలు మూడు గ్రూపులయ్యాయి. 15 కులాల మొదటి గ్రూపుకు 1 శాతం, 18 కులాల రెండో గ్రూపుకు 9, 26 కులాల మూడో గ్రూపుకు 5.

వర్గీకరణ పంపకంలో న్యాయం అడిగిన ప్రశ్న. దాని మీద మాల, మాదిగ మేధావుల మధ్య నిజమైన భేదాభిప్రాయం ఉంది, ఉండాలి కూడా. భేదాభిప్రాయం పోలరైజేషన్ కాదు. ఎదుటివాడు చెప్పేది వినకముందే వాడి కులాన్ని బట్టి జవాబు సిద్ధమైపోతే అది పోలరైజేషన్. 'మాలలు వర్సెస్ మాదిగలు' అన్న థంబ్‌నెయిల్ చేసే పని అదే.

ఆ థంబ్‌నెయిల్‌లో మిగతా 57 కులాలు ఎక్కడ? మొదటి గ్రూపులో ఉన్న డక్కలి, మాంగ్, మాష్టి, బుడగ జంగం, మెహతర్‌లతో ఎన్ని ఇంటర్వ్యూలు చూశారు? వర్గీకరణ వాదానికి అసలు పరీక్ష వీళ్ల పిల్లలకు ఏం దక్కిందన్నదే. ఇక పంచుకోవాల్సిన ఉద్యోగాల సంగతి. సింగరేణిలో 1990ల తొలినాళ్లలో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు సుమారు 40 వేలు. భూగర్భ గనులు పోయి ఓపెన్‌కాస్టులు వచ్చాయి, మనిషి పని యంత్రానికీ కాంట్రాక్టుకూ పోయింది. కాంట్రాక్టు పనిలో రిజర్వేషన్ లేదు. తగ్గిపోతున్న రొట్టెలో ఎవరి ముక్క ఎంతన్న చర్చ గంటలకొద్దీ నడుస్తుంది. రొట్టె ఎందుకు తగ్గిందన్నది ఎవరూ అడగరు.

రెండు కుర్చీలే ఎందుకు?

దీనికి కుట్ర అక్కర్లేదు, ఏర్పాటు చాలు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి దేశంలోని ప్రధాన వార్తా సంస్థలను పరిశీలించాయి. లెక్కించిన 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాలవే. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. డక్కలి అంటే ఎవరో, గుత్తికోయ ఎందుకు వచ్చాడో తెలిసిన మనిషి గదిలో లేనప్పుడు, తెలిసిన రెండు పేర్లతో పని కానిచ్చేస్తారు.

రెండోది డబ్బు. ఫేస్‌బుక్ 2018 జనవరిలో తన ఫీడ్‌ను మార్చి, జనం ఎక్కువగా స్పందించే పోస్టులను ముందుకు తెచ్చింది. కోపం కామెంట్ రాయిస్తుంది, వివరణ రాయించదు. యూట్యూబ్‌లో ఎక్కువసేపు చూస్తే ఎక్కువ ప్రకటనలు. మండల స్థాయిలో జీతం లేకుండా, ప్రకటనల కమిషన్ మీద బతికే విలేకరి ఏ వీడియో తీస్తాడు? అతనిలో చాలామంది మన పిల్లలే. తప్పు ఆ పిల్లాడిది కాదు, అతని బతుకును వ్యూస్‌కు కట్టిన పద్ధతిది.

బతుకులోకి ఎలా వస్తోంది?

సంస్కృతి అంటే రోజూ అలవాటుగా చేసే పని. ఎవరి పండుగకు ఎవరు వెళ్తారు, ఎవరి విగ్రహానికి ఎవరు దండ వేస్తారు, స్టేటస్‌లో ఏ పాట పెడతారు. సేవాలాల్ జయంతి, తీజ్, మేడారం జాతర, ఏప్రిల్ 14 ఇప్పుడు బలం చూపించే రోజులుగా మారుతున్నాయి. ప్రతి కులానికీ ఒక డీజే పాట, ఒక గ్రూపు. ఆత్మగౌరవ పాట మనకు కావాలి. దాన్ని పక్కవాడి మీదికి గురిపెట్టేలా చేస్తున్నదేమిటో గమనించాలి.

ఇది ఎంతవరకు పోతుందో 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో చూశాం. దళిత యువకుడు పెరుమాళ్ల ప్రణయ్‌ను కిరాయి హంతకుడు చంపాడు. ఆ తర్వాత సోషల్ మీడియాలో చంపించిన తండ్రికి మద్దతుగా పోస్టులు వెల్లువెత్తాయి. ఒక కులహత్య 'తండ్రి ప్రేమా, కూతురి ప్రేమా' అన్న చర్చగా మారింది. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. కోర్టుకు అది హత్య. మన ఫోన్లలో మాత్రం అదింకా ఇరుపక్షాల అభిప్రాయం.

మనం చేయగలిగింది

మీడియాను తిట్టి ఊరుకుంటే లాభం లేదు. ఏ వార్త వచ్చినా నాలుగు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోవాలి. ఇది ఎవరి చానల్? ఈ ఇద్దరి గొడవలో కనిపించని మూడో మనిషి ఎవరు? ఈ ఇద్దరూ కలిసి పోగొట్టుకున్నది ఏమిటి? దానికి జవాబు చెప్పాల్సిన ప్రభుత్వమో కంపెనీయో తెర మీద ఎందుకు లేదు?

కార్యకర్తలు సభ పెట్టేటప్పుడు వేదిక మీదా ఇదే పరీక్ష పెట్టుకోవాలి. వర్గీకరణ సభలో మొదటి గ్రూపు కులాల వాళ్లకు మైకు దొరికిందా? పోడు సదస్సులో ఏజెన్సీ దళితుడూ గుత్తికోయా మాట్లాడారా? పరిశోధన చేసే విద్యార్థులు తమ మండలంలో ఒక వివాదాన్ని తీసుకుని ఏడాది వార్తలు కత్తిరించి, ఎవరి మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టవచ్చు. దానికి పెద్ద గ్రాంటు అక్కర్లేదు, ఒక నోటుపుస్తకం చాలు.

1920 జనవరి 31న అంబేడ్కర్ మొదలుపెట్టిన పత్రిక పేరు 'మూక్‌నాయక్', మూగవాళ్ల నాయకుడు. నూరేళ్ల తర్వాత మన చేతిలో ఫోన్ ఉంది, మనం మూగవాళ్లం కాదు. కానీ మనకంటే కింద, మన పక్కనే, ఇంకా మాట దొరకనివాళ్లు ఉన్నారు. మన మీడియా ఎవరిదో తేల్చేది వాళ్లకు మనం ఇచ్చే చోటే.