పెరటి పంట పాడుకాకుండా

మాఘమాసం వచ్చేసరికి గమ్హరియాలోని మా పెరడు చేతికి అందనంతగా కాస్తుంది. టమాటాలు ఒక్కుమ్మడిగా పండుతాయి. చిక్కుడుపాదు పూటకొక చేటెడు కాయలనిస్తుంది. ఇరుగుపొరుగులకు పంచగా మిగిలినవి మూడునాళ్ళలో మెత్తబడతాయి. సంతకు తీసుకొనిపోదామంటే అక్కడా అవే రాశులు.

ఈ ప్రాంతానికి ఊరగాయ జాడీలు కొత్తవి కావు. 1907లో టాటా ఉక్కు సంస్థ స్థాపితమైన తరువాత శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్ చేరాయి. ఆవకాయ, మాగాయ వారితోనే వచ్చాయి. ఇక గమ్హరియా ఉన్న సరాయికేలా సీమ 1948 వరకు ఒడియా సంస్థానం. ఇక్కడి ఒడియా గృహిణులు మినపపిండిలో బూడిదగుమ్మడి తురుము కలిపి, ఎండబెట్టి ‘బడి’ చేస్తారు. మన గుమ్మడి వడియానికి అది తోబుట్టువు.

పదార్థాన్ని చెడగొట్టే సూక్ష్మజీవులకు నీరు కావాలి. ఎండ ఆ నీటిని హరిస్తుంది; ఉప్పు, చక్కెర దానిని వాటికి అందకుండా బంధిస్తాయి; చింతపండు, నిమ్మరసాల పులుపు వాటి పెరుగుదలను అడ్డుకొంటుంది. మన పెద్దల పద్ధతులన్నిటికీ మూలసూత్రం ఇదే. ఆహారాన్ని సీసాలలో బంధించి వేడిచేసే మరొక పద్ధతిని ఫ్రెంచి దేశీయుడైన నికొలా అపేర్ కనుగొని, 1810లో 12,000 ఫ్రాంకుల బహుమతి పొందాడు. అది ఎందుకు పనిచేస్తున్నదో ఆయనకు తెలియదు. ఆ రహస్యాన్ని లూయీ పాశ్చర్ అర్ధశతాబ్ది తరువాత విప్పిచెప్పాడు.

ఆ రహస్యం తెలియకుండానే నేనూ ఒక ఏడు సాహసించాను. ఒక ఆంగ్ల గ్రంథంలోని చిత్రాలు చూసి ముచ్చటపడి, చిక్కుడుకాయలను నీటితో సీసాలకెత్తి, గంటసేపు మరిగించి, మూతలు బిగించాను. పదిహేను రోజులకు ఒక మూత ఉబ్బింది. రుచి చూడబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకొని ఆపింది. “పోతే పోయింది, పాతిపెట్టు” అన్నది. మిగిలిన సీసాలను కూడ పాతిపెట్టించింది.

తరువాత ఆ గ్రంథాన్నే శ్రద్ధగా చదివితే ఒళ్ళు జలదరించింది. పులుపులేని కూరగాయలను గాలి చొరని సీసాలో ఉంచితే బొటులినమ్ అనే సూక్ష్మజీవి ప్రాణాంతకమైన విషాన్ని పుట్టించవచ్చు. దాని బీజాలు మరిగే నీటిలో చావవు. ప్రెషర్ యంత్రంలో దాదాపు 121 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. మూత ఉబ్బకపోయినా, వాసన మారకపోయినా విషం ఉండవచ్చు. కనుక చిక్కుడు, బెండ వంటివాటిని ఇంట్లో సీసాలకెత్తక, ఒరుగులు చేసుకోవడమే క్షేమం.

గోరుచిక్కుడును ఉప్పునీటిలో ఉడికించి, పలుచని గుడ్డమీద ఎండబెట్టాలి. విరిస్తే పెళుసుగా విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే. టమాటా ముక్కలకు కిలోకు సుమారు 100 గ్రాముల ఉప్పు పట్టించి, మూడోనాడు పిండి ఎండబెట్టాలి. ఊరిన రసంలో చింతపండు నానవేసి, అన్నీ కలిపి నూరితే ఏడాది పచ్చడి సిద్ధం. జామ, బొప్పాయి గుజ్జుకు దాదాపు సమానంగా చక్కెర, కొంత నిమ్మరసం చేర్చి దగ్గరపడేదాకా ఉడికిస్తే జామ్ అవుతుంది. వానలు మొదలుకాకముందే ఈ పనులన్నీ ముగించాలి. తడి గరిటె మాత్రం జాడీలో పెట్టరాదు.

అమ్మకు గ్రాములు తెలియవు. గుప్పెడే ఆమె కొలత. ఒకనాడు ఆమె చేతిలోని ఉప్పును త్రాసులో తూచి పుస్తకంలో వ్రాసుకొన్నాను. ఇప్పుడు ఆమె లేదు. మాఘం రాగానే ఆ పుస్తకం తీస్తాను. మీ ఇంటి పెద్దల గుప్పెడును కూడ ఈ ఏడే తూచి పెట్టుకోండి.