మీకు తెలుసా? ఫ్లాష్ కొడితే ఆగిపోయిన కంప్యూటర్

2015లో రాస్ప్‌బెర్రీ పై 2 అనే బుల్లి కంప్యూటర్ బోర్డు విడుదలైన కొద్ది రోజులకే ఒక వింత బయటపడింది. నడుస్తున్న బోర్డును జెనాన్ ఫ్లాష్ ఉన్న కెమెరాతో దగ్గర నుంచి ఫొటో తీస్తే, అది ఠక్కున ఆగిపోయేది! దాని మీద కరెంటును అదుపు చేసే బుల్లి చిప్ ఒకటుంది. మిగతా చిప్‌లకుండే నల్లటి తొడుగు దీనికి లేదు. ఆ వెలుగు తగిలితే లోపలి సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు కదిలి, వోల్టేజీ లెక్క తప్పేది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకునే కాంతి విద్యుత్ ఫలితమే ఇది. మామూలు ఫోన్ల ఎల్‌ఈడీ ఫ్లాష్‌తో ఈ గొడవ లేదు.

మొదటి రాస్ప్‌బెర్రీ పై బోర్డు వచ్చింది 2012 ఫిబ్రవరి 29న, ధర 35 డాలర్లు. కేంబ్రిడ్జి యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ దరఖాస్తులు తగ్గిపోతున్నాయని, చేరేవాళ్లకు కూడా ప్రోగ్రామింగ్ అలవాటు ఉండటం లేదని కలత చెందిన ఎబెన్ అప్టన్, ఆయన మిత్రులు ఈ బోర్డు తయారీని తలకెత్తుకున్నారు. పిల్లల చేతికి బెంగ లేకుండా ఇవ్వగలిగే ధర కావాలి. అందుకే డబ్బా లేదు, హార్డ్‌డిస్క్ లేదు, పవర్ బటన్ కూడా లేదు. బోర్డు మీద బటన్ 2023లో పై 5తోనే వచ్చింది. ఏం వదిలేయాలో అంత తెగువగా తేల్చుకోవడం నాకు ఎంతో నచ్చుతుంది.

వదిలేసిన వాటిలో గడియారమూ ఉంది. పై 4 వరకు ఏ బోర్డుకూ కరెంటు పోయినా నడిచే గడియారం లేదు. నెట్ తగిలాకే సరైన టైమ్ తెలుసుకుంటుంది. నెట్ అందని పొలంలో మోటారు వేళకు ఆన్ చేయించాలనుకుంటే, బ్యాటరీతో నడిచే డీఎస్3231 లాంటి చిన్న గడియారం మాడ్యూల్ తగిలించాల్సిందే.

బోర్డుకు తగిలించిన స్క్రీన్ మూల పసుపు మెరుపు గుర్తు కనిపిస్తోందా? అందే వోల్టేజీ సుమారు 4.63 వోల్టుల కన్నా తగ్గిపోయిందని అర్థం. చార్జర్‌ను అనుమానించే ముందు కేబుల్ మార్చి చూడండి. సన్న తీగల కేబుల్‌లోనే వోల్టేజీ తగ్గిపోవచ్చు. ఆపేటప్పుడు ప్లగ్ లాగేయకండి. షట్‌డౌన్ ఇచ్చి, ఆకుపచ్చ లైటు మినుకులు ఆగాక తీయండి. మెమరీ కార్డు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు పాడవ్వొచ్చు.

అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సింది పిన్నుల దగ్గర. ఆర్డుయినో ఊనో అనే మరో బోర్డు 5 వోల్టులకు అలవాటు పడింది. రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోలేవు. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్ ఎకో పిన్ 5 వోల్టులు వదులుతుంది. నేరుగా కలిపితే బోర్డుకే ముప్పు. ఎకో తీగకూ బోర్డు పిన్నుకూ మధ్య 1 కిలోఓమ్, బోర్డు పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య 2 కిలోఓమ్ రెసిస్టర్ పెడితే, పిన్నుకు చేరేది దాదాపు 3.3 వోల్టులే.