‘కొనండి’ బటన్ నొక్కితే మనకు దక్కేదేంటి?

గేమ్‌కు డబ్బు కట్టాం కాబట్టి అది మనదే అనుకుంటాం. నిబంధనలు చదివితే మాత్రం మనకు ఇచ్చింది ఆడుకునే అనుమతేనని తెలుస్తుంది. అది ఎప్పుడు ముగియాలో నిర్ణయించేది కంపెనీ. ఐటీ, గేమింగ్, న్యాయ రంగాల్లో ఉద్యోగాలు వెతుక్కుంటున్న మీకు ఈ తేడా వినియోగదారులుగానే కాదు, రేపటి ఉద్యోగులుగానూ తెలిసి ఉండాలి.

హైదరాబాద్ కోఠీలోనో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో పాత పుస్తకాల షాపుకెళ్లి ఓ టెక్స్ట్‌బుక్ కొన్నారనుకోండి. మొదటి పేజీలో ఎవరో సీనియర్ పేరు ఉంటుంది. సెమిస్టర్ అయిపోయాక మీరూ దాన్ని జూనియర్‌కు అమ్మేయొచ్చు, ఊరికే ఇచ్చేయొచ్చు. పబ్లిషర్ దుకాణం మూసేసినా పుస్తకం మీ అల్మరాలోనే ఉంటుంది. అందులోని రాతపై కాపీరైట్ వేరేవాళ్లదే కావచ్చు, చేతిలో ఉన్న ప్రతి మాత్రం మీది.

ఫోన్‌లోనో, కంప్యూటర్‌లోనో కొన్న గేమ్‌కు ఈ లెక్క వర్తించదు. ఎందుకో తెలియాలంటే ఓ కార్ల గేమ్ కథ చూడాలి.

పదేళ్లకు తాళం పడింది

ఫ్రాన్స్‌కు చెందిన యూబిసాఫ్ట్ 2014 డిసెంబరులో ‘ద క్రూ’ అనే రేసింగ్ గేమ్ విడుదల చేసింది. అమెరికా మొత్తాన్ని చిన్న మ్యాపుగా కుదించి, అందులో ఎక్కడికైనా కారు నడుపుకుంటూ వెళ్లే ఆట అది. ఒక్కరే ఆడుకునే కథ కూడా ఉంది. కానీ ఒక్కరే ఆడుతున్నా గేమ్ ఎప్పుడూ కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతూనే ఉండాలి. నెట్ లేకపోతే ఆట లేదు.

2023 డిసెంబరులో ఆ గేమ్‌ను ఆన్‌లైన్ స్టోర్ల నుంచి తీసేశారు. సర్వర్ల పరిస్థితి, లైసెన్సుల పరిమితులు కారణమని కంపెనీ చెప్పింది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. అంతే, డబ్బు కట్టి కొన్న డిస్కు ఇంట్లో ఉన్నా ఆడటం కుదరదు. తర్వాత కొద్ది రోజులకే చాలామంది ఖాతాల్లోంచి ఆ గేమ్ లైసెన్సునూ రద్దు చేశారు. లక్షలాది మంది ఆడిన గేమ్ ఎవరి దగ్గరా పనిచేయకుండా పోయింది.

అదే ఏడాది నవంబరులో ఇద్దరు ఆటగాళ్లు కాలిఫోర్నియా కోర్టులో కేసు వేశారు. కొనుగోలుదారులకు ఇచ్చింది పరిమిత లైసెన్సే కానీ శాశ్వత యాజమాన్యం కాదని కంపెనీ తరఫున వాదించారు. నిబంధనల పేజీల్లో చూస్తే ఆ మాట ఉంటుంది కూడా. చిక్కల్లా ఎక్కడంటే, స్టోర్‌లో పెద్ద అక్షరాలతో ఉన్నది ‘కొనండి’ అనే మాట. ‘అనుమతి తీసుకోండి’ అన్నది లోపలి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంది.

పది లక్షల సంతకాలు

‘ద క్రూ’ మూతపడ్డాక 2024 ఏప్రిల్‌లో రాస్ స్కాట్ అనే యూట్యూబర్ ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలుపెట్టారు. సర్వర్లను ఎల్లకాలం నడపమని వాళ్లు అడగడం లేదు. ఆపేసేటప్పుడు గేమ్‌ను ఏదో ఒక పద్ధతిలో ఆడుకోగలిగే స్థితిలో వదిలి వెళ్లమంటున్నారు. ఆఫ్‌లైన్ మోడ్ ఇవ్వొచ్చు, లేదా ఆటగాళ్లే సొంతంగా సర్వర్ పెట్టుకునే సాఫ్ట్‌వేర్ ఇవ్వొచ్చు.

యూరోపియన్ యూనియన్‌లో ఓ వెసులుబాటు ఉంది. ఏడాదిలో పది లక్షల మంది పౌరులు సంతకం పెట్టి, కనీసం ఏడు దేశాల్లో నిర్ణీత సంఖ్యను దాటితే, ఆ డిమాండ్‌పై యూరోపియన్ కమిషన్ స్పందించి తీరాలి. ఈ ఉద్యమం 2024 జులై 31న సంతకాలు మొదలుపెట్టి, 2025 జులైలో పది లక్షల మార్కు దాటింది. బ్రిటన్‌లో లక్ష సంతకాలు దాటడంతో 2025 నవంబరులో పార్లమెంటులో చర్చ జరిగింది. అయితే చట్టం మార్చే ఆలోచన లేదని అక్కడి ప్రభుత్వం చెప్పింది.

కంపెనీల వాదననూ వినాలి. కార్ల బొమ్మలకు, పాటలకు తీసుకున్న లైసెన్సులకు గడువు ఉంటుంది. సర్వర్ ఖర్చు నెలనెలా ఉంటుంది. ప్రైవేటు సర్వర్లలో ఆటగాళ్ల డేటాకు భద్రత ఉండదని, అక్కడ జరిగే తప్పులకు తమను బాధ్యులను చేస్తారని యూరప్ గేమ్ కంపెనీల సంఘం 2025లో ప్రకటించింది. ఆన్‌లైన్ కోసమే కట్టిన గేమ్‌ను చివర్లో ఆఫ్‌లైన్‌కు మార్చడం నిజంగానే కష్టం. కానీ మొదటి రోజు డిజైన్‌లోనే ముగింపు గురించి ఆలోచిస్తే? 2023లో ‘నాకౌట్ సిటీ’ని ఆపేసిన వెలన్ స్టూడియోస్, పీసీ ఆటగాళ్ల కోసం ప్రైవేటు సర్వర్ వెర్షన్‌ను ఉచితంగా ఇచ్చి మరీ ఆపింది. విమర్శలు పెరిగాక యూబిసాఫ్ట్ కూడా ‘ద క్రూ 2’కు ఆఫ్‌లైన్ వీలు తెస్తామని 2024 సెప్టెంబరులో ప్రకటించింది. మనసుంటే మార్గముంటుందన్నమాట.

ఇది గేములతో ఆగే సంగతీ కాదు. 2009లో అమెజాన్, హక్కులు లేని సంస్థ అమ్మిందన్న కారణంతో జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు కొన్నింటిని పాఠకుల కిండిల్ పరికరాల్లోంచి చెప్పకుండానే తొలగించింది. డబ్బు తిరిగిచ్చింది, తర్వాత క్షమాపణా చెప్పింది. కానీ పాత పుస్తకాల షాపులో కొన్న ప్రతిని ఎవరైనా ఇలా రాత్రికి రాత్రి తీసుకెళ్లగలరా?

అడిగిన చోట మార్పు

‘ఇంత పెద్ద కంపెనీలతో మనమేం చేయగలం?’ అనిపించడం సహజం. ఈ మూడు ఉదాహరణలు చూడండి.

కాలిఫోర్నియా 2024 సెప్టెంబరులో ఓ చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం డిజిటల్ వస్తువు అమ్ముతూ ‘కొనండి’ అనే మాట వాడాలంటే, ఇది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పాలి. శాశ్వతంగా డౌన్‌లోడ్ చేసుకుని ఆఫ్‌లైన్‌లో వాడుకోగలిగే వాటికి ఈ షరతు లేదు. చట్టం అమలుకు ముందే స్టీమ్ స్టోర్ తన చెల్లింపు పేజీలో ఆ సంగతి రాసిపెట్టింది.

ఆస్ట్రేలియాలో స్టీమ్ యజమాని వాల్వ్‌పై అక్కడి వినియోగదారుల కమిషన్ కేసు వేసింది. రిఫండ్ హక్కు లేదన్నట్టు కొనుగోలుదారులను తప్పుదోవ పట్టించారని కోర్టు తేల్చి, 2016లో 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. కంపెనీ అమెరికాలో ఉన్నా, ఆస్ట్రేలియా కొనుగోలుదారులకు ఆస్ట్రేలియా చట్టమే వర్తించింది.

‘ఫోర్ట్‌నైట్’ తయారీదారు ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 52 కోట్ల డాలర్ల రాజీకి ఒప్పుకొంది. అందులో 24.5 కోట్లు ఆటగాళ్లకు తిరిగిచ్చేందుకే. బటన్లను గందరగోళంగా పెట్టి పొరపాటున కొనేలా చేశారని, ఆ ఖర్చును కార్డు కంపెనీ దగ్గర ప్రశ్నించినవాళ్ల ఖాతాలకు తాళం వేశారని కమిషన్ ఆరోపించింది.

మన దగ్గర చట్టం ఏమంటోంది?

మన దేశంలో చాలామందికి ఈ అనుభవం వేరే దారిలో ఎదురైంది. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించింది. అది కంపెనీ నిర్ణయం కాదు, ప్రభుత్వ నిర్ణయం. కానీ డబ్బు పెట్టి కొన్న స్కిన్లు, గన్లు అన్నీ ఒక్కసారిగా చేజారాయి. 2021లో బీజీఎంఐ వచ్చినప్పుడు పాత ఖాతా సరుకును కొత్తదానికి మార్చుకునే అవకాశం ఇచ్చారు. ఇచ్చారు కాబట్టి కొందరికి తిరిగొచ్చింది. ఇవ్వకపోతే? ఆ ప్రశ్నకు జవాబు చట్టంలో వెతుక్కోవాలి.

వినియోగదారుల రక్షణ చట్టం-2019లో సెక్షన్ 2(46) ‘అన్యాయ ఒప్పందం’ అంటే ఏమిటో చెబుతుంది. సరైన కారణం లేకుండా ఒక పక్షం తనంతట తాను ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలున్న షరతు కూడా, అది వినియోగదారు హక్కులను గణనీయంగా మార్చేస్తే, అందులోకి వస్తుంది. ఇప్పుడు మీ ఫోన్‌లోని ఏదైనా గేమ్ నిబంధనలు తెరిచి చూడండి. ‘ఎప్పుడైనా, ఏ కారణంతోనైనా సేవ ఆపేయొచ్చు’ అనే ధోరణిలో ఓ వాక్యం కనిపిస్తుందేమో వెతకండి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి వాదించడానికి మన చట్టంలో పునాది ఉంది. ఇలాంటి ఒప్పందాలపై ఫిర్యాదులు రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాయి. సేవాలోపంపై అయితే జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసున్న ఊరికి వెళ్లక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా లేదు. కారణం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి.

2023 నవంబరు 30న కేంద్రం డార్క్ ప్యాటర్న్స్‌పై మార్గదర్శకాలు తెచ్చింది. ‘ఇంకో అయిదు నిమిషాలే’ అని లేని తొందర పెట్టడం, అడగని వస్తువును బుట్టలో వేయడం, సబ్‌స్క్రిప్షన్ రద్దు దారిని దాచేయడం లాంటి 13 ఎత్తుగడలను అందులో పేర్కొన్నారు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ మీ ఫిర్యాదును కంపెనీ దృష్టికి తీసుకెళ్తుంది.

కొనే ముందు ఇవి చూసుకోండి

- ఒక్కరే ఆడినా ఎప్పుడూ నెట్ కావాలా? కావాలంటే సర్వర్ ఉన్నంతకాలమే ఆట.
- ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ దొరుకుతుందా? గాగ్ లాంటి స్టోర్లు తాళాల్లేని కాపీలు ఇస్తాయి. అవి డౌన్‌లోడ్ చేసి దాచుకోవచ్చు.
- రిఫండ్ గడువు ఎంత? స్టీమ్‌లో సాధారణంగా కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే అడగొచ్చు.
- గేమ్‌లోని కాయిన్లు, డైమండ్లు కొనే ముందు వాటిని తిరిగి డబ్బుగా మార్చుకోవచ్చా, లేదా చూడండి.
- బిల్లు, చెల్లింపు మెసేజ్, ఆ రోజు చూపిన నిబంధనల స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఫిర్యాదు నిలబడేది వీటిమీదే.

మీ కెరియర్‌కు దీంతో ఏంటి సంబంధం?

హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, పుణెలో యూబిసాఫ్ట్, బెంగళూరులో రాక్‌స్టార్ స్టూడియోలు ఉన్నాయి. రేపు మీలో కొందరు ఇలాంటి చోట చేరొచ్చు. ‘కొనండి’ బటన్ ఎక్కడ పెట్టాలో, రద్దు బటన్ ఎంత చిన్నగా ఉండాలో నిర్ణయించే మీటింగ్‌లో మీరూ కూర్చోవచ్చు. అప్పుడు పనికొచ్చే నైపుణ్యాలు ఇవి.

సీఎస్ఈ, ఐటీ విద్యార్థులు: సర్వర్ ఆగినా గేమ్ ఆగకుండా ఆర్కిటెక్చర్ ఎలా ఉండాలో ఆలోచించండి. మినీ ప్రాజెక్టుగా ఓ చిన్న మల్టీప్లేయర్ గేమ్ చేసి, సర్వర్ తీసేసినా ఆఫ్‌లైన్‌లో ఆడేలా తయారు చేయండి. రెజ్యూమెలో ‘గేమ్ చేశాను’ అనే ఒక్క లైను కన్నా ఇంటర్వ్యూలో ఇది ఎక్కువ మాట్లాడిస్తుంది.

యూఎక్స్ డిజైన్ వైపు వెళ్లేవారు: ఆ 13 డార్క్ ప్యాటర్న్స్‌ను చదివి, మీరు రోజూ వాడే యాప్‌లలో ఒక్కోదాన్ని గుర్తించండి. తప్పుగా ఉన్న స్క్రీన్‌ను సరిచేసి మళ్లీ గీయండి. పోర్ట్‌ఫోలియోకు అదే మంచి సరుకు.

న్యాయవిద్యపై ఆసక్తి ఉన్నవారు: ఏ డిగ్రీ చదివినా లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరొచ్చు. ఇంటర్ తర్వాతైతే క్లాట్‌తో హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య వర్సిటీ లాంటి చోట్ల అయిదేళ్ల కోర్సు ఉంది. టెక్నాలజీ ఒప్పందాలు, వినియోగదారుల చట్టం, డేటా రక్షణ కలిసే చోట పని పెరుగుతోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. వాటిని అమలు చేసేందుకు కంపెనీలకు చట్టం, కోడ్ రెండూ తెలిసినవాళ్లు కావాలి.

కామర్స్, ఆర్ట్స్ విద్యార్థులు: కస్టమర్ సపోర్ట్, కంప్లయన్స్, కంటెంట్ రైటింగ్ ఉద్యోగాల్లో నిబంధనలను మామూలు మనిషికి అర్థమయ్యేలా రాయడం పెద్ద నైపుణ్యం. ఒక గేమ్ నిబంధనల్లో పది పేజీలు తీసుకుని, ఒక్క పేజీ తేలిక తెలుగులోకి తెచ్చి చూడండి. ఎంత కష్టమో తెలుస్తుంది, ఎంత అవసరమో కూడా.

గ్రూప్ డిస్కషన్‌లో ‘డిజిటల్ వస్తువు మనదా, అద్దెదా?’ అనే అంశం ఎదురైతే కంపెనీలను తిట్టి ఊరుకోకండి. లైసెన్సు ఎందుకు ఉంటుందో, దాన్ని దాచి చెప్పడం ఎందుకు తప్పో, మూసేసేటప్పుడు కనీసం ఏం చేయాలో ఈ వరసలో చెప్పండి. రెండు వైపులా తెలిసినవాళ్ల మాటకు విలువుంటుంది.

ఈ వారం ఒక చిన్న పని పెట్టుకోండి. మీరు ఎక్కువ డబ్బు పెట్టిన గేమ్‌నో, యాప్‌నో తెరిచి, సేవ ఆపేస్తే మీకేం ఇస్తారో నిబంధనల్లో వెతకండి. దొరికిన వాక్యాన్ని నోట్‌బుక్‌లో రాసుకోండి. అసలేమీ దొరక్కపోతే ఆ సంగతీ రాసుకోండి. రేపు అలాంటి పేజీ రాసే ఉద్యోగం మీకే వస్తే, అందులో లేని ఆ వాక్యాన్ని చేర్చమని అడగాల్సింది మీరే.