మాక్రో మధ్యలో ఆగాలంటే

2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పాత వరంగల్ నుంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు విడివడగా, గార్ల, బయ్యారం మండలాలు ఖమ్మం నుంచి మహబూబాబాద్‌కూ, కాటారం, మహదేవ్‌పూర్ మండలాలు కరీంనగర్ నుంచి భూపాలపల్లికీ వచ్చి చేరాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు వేరైంది. ఇటువంటి మార్పు జరిగినప్పుడు పాత గ్రామాల పట్టికలో జిల్లా పేరునూ, దాని కోడ్‌నూ వరుస వరుసకూ సరిదిద్దాలి. వేల వరుసలున్నచోట ఆ పనిని ఎక్సెల్ మాక్రోకు, అంటే చేయవలసిన పనులను ఆదేశాలుగా రాసిపెట్టిన చిన్న స్క్రిప్టుకు, అప్పగించవచ్చు. అది నడుస్తుండగా గార్ల ఇంకా ఖమ్మంలోనే పడుతున్నదని ఆపరేటరు గమనిస్తే, పనిని వెంటనే ఆపే వీలు ఉండి తీరాలి.

తెరమీద 'రద్దు' బటన్ పెట్టినంత మాత్రాన ఆ వీలు కలగదు. మాక్రోను నడిపేదీ, మౌస్ నొక్కులను అందుకునేదీ ఒకే దారం, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా ఆదేశాలను అమలుచేసే ఒకే వరుస గనుక, పని సాగుతున్నంతసేపూ నొక్కులు క్యూలో పడి ఉంటాయి. పని పూర్తయ్యాక గానీ వాటి వంతు రాదు. అందుకే మాక్రోలోని లూపు, అంటే ఒకే పనిని వరుస వరుసకూ మళ్లీ చేసే భాగం, ఉదాహరణకు ప్రతి వంద వరుసలకు ఒకసారి, 'డూఈవెంట్స్' అనే ఆదేశంతో క్షణకాలం దారి ఇవ్వాలి. ఆ వ్యవధిలో బటన్ నొక్కు అందితే అది ఒక చరరాశి విలువను మారుస్తుంది, అంతే. లూపు ఆ విలువను చూసి తానే బయటికి వస్తుంది. ఇలా దారి ఇచ్చినప్పుడు 'ప్రారంభించు' బటన్ కూడా పలుకుతుంది గనుక దానిని ముందే పనిచేయకుండా చేయకపోతే, నడుస్తున్న మాక్రోలోనే అదే మాక్రో రెండోసారి మొదలవుతుంది.

పనిని బయటినుంచి ఒక్కసారిగా తెగ్గొట్టడం ప్రమాదకరం. జిల్లా పేరు మారి కోడ్ మారకముందే మాక్రో ఆగిపోతే ఆ వరుసలో పేరుకూ కోడ్‌కూ పొంతన ఉండదు. దారాలను బలవంతంగా ఆపే సదుపాయాన్ని జావా భాష రూపకర్తలు 1998లోనే వాడవద్దన్నది ఇటువంటి సగం మారిన సమాచారానికి భయపడే. ఎక్సెల్‌లో ఎస్కేప్ మీట మాక్రోను ఆపగలదు గానీ ఎక్కడ ఆపుతుందో చెప్పలేము. 'ఎనేబుల్ క్యాన్సిల్ కీ' అనే అమరికను తగినట్లు మార్చితే ఆ నొక్కు 18వ నంబరు లోపంగా మాక్రోకే అంది, సర్దుబాటు చేసుకునే అవకాశం మిగులుతుంది.

అప్పటికే మారిన వరుసల సంగతి ఇంకా ముఖ్యమైనది. మాక్రో గడులను మార్చిన తర్వాత ఎక్సెల్‌లోని 'అన్‌డూ' చరిత్ర చెరిగిపోతుంది గనుక దానితో వెనక్కి వెళ్లే మార్గం ఉండదు. ప్రజల హక్కులు ఆధారపడిన జాబితాల విషయంలో, ఫలితాన్ని వేరే షీటులో రాసి, అంతా సవ్యంగా ముగిశాకే అసలు పట్టికలోకి తేవడం ఉత్తమం. అప్పుడు రద్దు చేయడమంటే ఆ షీటును తీసివేయడమే.

పది సెకన్లు దాటే పనికి ఎంత పూర్తయిందో చూపుతూ, మధ్యలో మానుకునే దారి కూడా ఉంచాలని ఇంటర్‌ఫేస్ నిపుణుడు జాకబ్ నీల్సన్ 1993లో సూచించాడు. అయితే ఫలితాన్ని అసలు పట్టికలోకి తెచ్చే చివరి దశను మధ్యలో తెంచకూడదు కాబట్టి, ఆ కొద్దిసేపూ రద్దు బటన్‌ను మసకబార్చి, కారణాన్ని దాని పక్కనే ఒక్క వాక్యంలో చూపాలి.