కుళాయి మీది ముద్ర ఎవరి సాక్ష్యం?

కుమార్తె పెళ్లికి నగలు కొనేటప్పుడు మన ఇళ్లలో తల్లులు హాల్‌మార్క్ చూడనిదే బేరం ముగించరు. గాజు లోపలి వైపున చెక్కిన ఆరక్షరాల గుర్తింపు సంఖ్యను భూతద్దం తెప్పించి మరీ చదివించుకుంటారు. అదే కుటుంబం ఇల్లు కట్టుకునేటప్పుడు కుళాయిలు, వాల్వులు, ఎల్బోల జాబితాను ప్లంబర్ చేతికిచ్చి, "మంచివి చూసి తెండి భాయ్" అని ఊరుకుంటుంది. నగను ఏడాదికి ఏ నాలుగు సార్లో బీరువాలోంచి తీస్తాం. కుళాయి నీటితో రోజూ వుజూ చేస్తాం, వంట చేస్తాం, పసిబిడ్డకు పాలు కలుపుతాం.

మా మస్జిద్ వుజూఖానాలో ఒక రంజాన్‌కు ముందు పన్నెండు కుళాయిలు కొత్తవి బిగించారు. మరుసటి రంజాన్ రాకముందే అయిదు కారడం మొదలైంది. ఒకటి ఫజ్ర్ వేళ మర ఉన్నచోటనే విరిగి ఓ పెద్దాయన చేతిలోకి వచ్చేసింది. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే ముప్పావు లీటరుకు మించని నీటితో, వుజూ ముగించేవారని చదువుకున్న మనం, రాత్రంతా కారిన నీటిలో కాళ్లు తడుపుకుంటూ నమాజుకు వెళ్లాం. మూల గదిలో పడివున్న ఖాళీ పెట్టెలు తీసి చూస్తే ఒకవైపు "ఐఎస్‌ఐ క్వాలిటీ" అనీ, మరోవైపు "ఐఎస్‌ఓ 9001 సంస్థ" అనీ మెరిసే అక్షరాలున్నాయి. కమిటీ పెద్దలను తప్పుపట్టలేం. ఏమి చూడాలో వారికి ఎవరూ చెప్పలేదు. కానీ ఖర్చయిన సొమ్ము జమాత్ ఇచ్చిన చందా. అది అమానత్.

అసలైన ఐఎస్‌ఐ ముద్ర ఒంటరిగా ఉండదు. ముద్ర పైభాగాన ఒక ప్రమాణ సంఖ్య ఉంటుంది, కింద సీఎం/ఎల్ అనే అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటుంది. పై సంఖ్య ఆ వస్తువును ఏ ప్రమాణం ప్రకారం పరీక్షించారో చెబుతుంది. కింది సంఖ్య ఏ కర్మాగారానికి అనుమతి ఇచ్చారో చెబుతుంది. ఈ అనుమతిని ఇచ్చేది బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్, అంటే బీఐఎస్. కర్మాగారాన్ని తనిఖీ చేయడం, అక్కడి నుంచీ బజారు నుంచీ నమూనాలు తీసి పరీక్షించడం ఆ సంస్థ పని. ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ పెట్టుకుని లైసెన్సు సంఖ్యను కొడితే తయారీదారు పేరు, వస్తువు వివరం, లైసెన్సు అమలులో ఉన్నదీ లేనిదీ తెలుస్తాయి. దుకాణంలో నిలబడి చేయదగిన పని ఇది, రెండు నిమిషాలు పట్టదు.

పోలిక చిన్నదైతే మన్నించాలి గాని, హదీసు పండితులు ఉల్లేఖనాన్ని స్వీకరించే ముందు దాని ఇస్నాద్ అడిగేవారు. ఎవరు చెప్పారు, ఎవరి నుంచి విన్నారు, ఆ వ్యక్తి నమ్మదగినవాడేనా అని విచారించేవారు. సంఖ్య లేని ముద్ర ఉల్లేఖకుని పేరు లేని మాట వంటిది. ఎవరో వచ్చి వార్త చెబితే నిజానిజాలు విచారించుకోమని దివ్య ఖుర్ఆన్ (49:6) మనకు నేర్పింది. పెట్టెపై అచ్చువేసిన మాట కూడా ఒక వార్తే కదా!

"ఐఎస్‌ఓ 9001" సంగతి వేరు. అది ఒక సంస్థ తన పనిని క్రమపద్ధతిలో నిర్వహించుకుంటోందని చెప్పే పత్రం. మీ చేతిలోని కుళాయిని ఎవరైనా పరీక్షించారని అది చెప్పదు. "ఐఎస్‌ఐ టైప్", "ఐఎస్‌ఐ క్వాలిటీ" అన్న మాటలకైతే ఏ విలువా లేదు.

ముద్ర నిజమైనదే అయినా, అది దేనికి సాక్ష్యం ఇస్తోందో చదవాలి. ఐఎస్ 4985 తాగునీటికి వాడే పీవీసీ గొట్టాల ప్రమాణం. ఐఎస్ 15778 చల్లనీటికీ వేడినీటికీ పనికొచ్చే సీపీవీసీ గొట్టాలది. ఐఎస్ 13592 గొట్టానికీ ఐఎస్‌ఐ ముద్ర ఉంటుంది, కానీ అది మురుగునీటి గొట్టం. మిగిలిపోయిన మురుగు గొట్టం ముక్కను ఖర్చు కలిసివస్తుందని తాగునీటి వరుసలో అతికించే వారున్నారు. ఇక ఇత్తడి కుళాయిలకు సాధారణంగా ఐఎస్ 781 లేదా ఐఎస్ 8931, గేటు వాల్వులకు ఐఎస్ 778 కనిపిస్తాయి.

ఒకసారి బజారులో ధాన్యపు రాశిలోకి దైవప్రవక్త (స) చేయి పోనివ్వగా లోపల తడి తగిలిందనీ, వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పగా ఆ తడి భాగాన్ని జనం చూసేలా పైనే ఎందుకు ఉంచలేదని ప్రశ్నించారనీ సహీహ్ ముస్లింలో ఉంది. నాసిరకం కుళాయి అలాంటి రాశే. పైన అద్దంలా మెరిసే క్రోమ్ పూత, లోపల ఏ తుక్కు కరిగించి పోశారో తెలియని లోహం. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. లవణాలు ఎక్కువగా ఉన్న బోరునీరు పడితే, పాళ్లు సరిగా లేని ఇత్తడిలోంచి జింకు మెల్లగా కరిగిపోతుంది. మిగిలిన రాగి గుల్లబారి, ఒకనాడు మర దగ్గర పుటుక్కున విరుగుతుంది. మా మస్జిద్ పెద్దాయన చేతిలోకి వచ్చిన ముక్క లోపల ఎర్రగా, ఇటుక పొడిలా ఉంది.

దీనికంటే భయపడవలసింది కంటికి కనబడని సీసం. మరలు కోయడం సులువవుతుందని ఇత్తడిలో కొంత సీసం కలుపుతారు. తుక్కు లోహంలో అది ఎంత ఉంటుందో లెక్క ఉండదు. తాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రామును మించి సీసం ఉండరాదని మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది. హాని చేయని మోతాదు ఇంత అని వైద్యశాస్త్రం ఇంతవరకూ తేల్చలేదు. పీవీసీ గొట్టాల తయారీలోనూ సీసపు సమ్మేళనాలు వాడేవారు. వాటిని తొలగించడానికి కేంద్ర ప్రభుత్వం 2021లో నియమాలు తెచ్చింది. ఇప్పటికే పాత కుళాయిలున్న ఇళ్లలో ఒక జాగ్రత్త తీసుకోవచ్చు. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిని తెల్లవారాక తాగడానికి పట్టకండి. ఆ మొదటి నీటిని బకెట్‌లోకి వదిలి ఇల్లు తుడవడానికి వాడితే వృథా కూడా కాదు. వేడినీటి కుళాయి నీటితో వంట చేయకండి, వేడికి లోహం మరింతగా కరుగుతుంది.

గీజరు విషయంలో పొరపాటు ప్రాణం మీదికే రావచ్చు. విద్యుత్ స్టోరేజి గీజరుకు ఐఎస్ 2082 ప్రకారం ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి. దాని అడుగున చల్లనీరు చేరే చోట బొటనవేలంత భద్రతా వాల్వు ఉంటుంది. నీరు వేడెక్కితే వ్యాకోచించి, కొన్ని చుక్కలు ఆ వాల్వు గుండా కారతాయి. అది లోపం కాదు, ఆ వాల్వు పనే అది. చుక్కలు పడుతున్నాయని విసుక్కుని దానికి డమ్మీ బిగించమని చెప్పే గృహస్థులున్నారు, చెప్పగానే బిగించే ప్లంబర్లూ ఉన్నారు. ఆ తరువాత ఏనాడైనా థర్మోస్టాట్ చెడితే ఆవిరికి బయటికి దారి ఉండదు. స్నానాలగదిలో తలపై వేలాడుతున్నది బాంబుతో సమానం. ప్రెషర్ పంపు పెట్టుకున్నవారు, ఎత్తైన భవనాల్లో కింది అంతస్తులవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ట్యాంకు ప్రతి పది మీటర్ల ఎత్తుకు ఇంచుమించు ఒక బార్ చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. గీజరుపై ఎన్ని బార్ల వరకు తట్టుకుంటుందో రాసి ఉంటుంది, చూడండి.

మన సోదరుల్లో హార్డ్‌వేర్ దుకాణాలు నడిపేవారు, ప్లంబింగ్ పనిచేసేవారు చాలామంది. తక్కువ ధర సరుకు అడిగే కొనుగోలుదారుల ఒత్తిడి వారికి తెలుసు. తక్కువ ధర సరుకు అమ్మడం తప్పు కాదు, దాన్ని ముద్ర ఉన్నదని చెప్పి అమ్మడం తప్పు. అనుమతి లేకుండా ఐఎస్‌ఐ ముద్ర వేయడం చట్టరీత్యా కూడా శిక్షార్హమే. బిల్లు అడిగితే ముఖం చిట్లించకుండా, దానిపై తయారీదారు పేరు, వస్తువు ప్రమాణ సంఖ్య రాసి ఇవ్వాలి.

మా కమిటీ ఈసారి పన్నెండు కుళాయిలూ ఒకేసారి కొనలేదు. ముందుగా నాలుగు కొని, లైసెన్సు సంఖ్యలు యాప్‌లో సరిచూసి, బిల్లుతో సహా రిజిస్టరులో అంటించారు. మిగిలిన ఎనిమిదింటికి చందా వసూలవుతోంది.