తొలకరి జ్వరము – చండీపుర వైరస్ నేర్పిన పాఠము

తెలంగాణమున తొలకరి పండుగ వంటిది. రోహిణీ కార్తె ఎండలకు నెఱ్ఱెలు వాసిన నేల మృగశిర ప్రవేశముతో తడిసి మెత్తబడును. రైతు విత్తనములు సవరించుకొనును. ఇంటింట చేపల కూర ఉడుకును. వేసవి సెలవులు ముగిసి బడిగంటలు మరల మ్రోగును. సంవత్సరమున ఇంతటి ఆశతో కూడిన కాలము మఱియొకటి లేదు. కాని పసిపిల్లలను చూచు వైద్యులకు ఈ ఋతువు జాగరణ కాలము. హఠాత్తుగా మెదడును పట్టి, ఒకటి రెండు దినములలో ప్రాణము తీయు జ్వరము ఈ దినములందే తలయెత్తుట వారు చూచియున్నారు.

2003వ సంవత్సరపు వేసవి చివర, జూన్ నెలలో, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఈ జ్వరము మొదలయ్యెను. మిక్కిలి బాధపడిన జిల్లాలలో కరీంనగరము, వరంగల్లు ముఖ్యమైనవి. నేడు వేఱు జిల్లాలుగా నున్న జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో అధికభాగము అప్పుడు వరంగల్లు జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న గాని అవి ప్రత్యేక జిల్లాలు కాలేదు. ఆగస్టు నాటికి ఆస్పత్రులలో లెక్కకు వచ్చిన పిల్లలు 329 మంది. వారిలో 183 మంది మరణించిరి. తొమ్మిది నెలల శిశువు మొదలు పదునాలుగేండ్ల బాలుని వఱకు అందఱును పిల్లలే. నూటికి ఏబదియైదుగురికి పైగా దక్కలేదన్నమాట. మశూచి మహోగ్రముగా నున్న నాళ్ళలో సైతము సోకినవారిలో ఇంతమంది పోయెడివారు కారు.

లెక్క కంటె భయంకరమైనది ఆ వ్యాధి వేగము. ఉదయము ఆడుకొనిన బిడ్డకు సాయంకాలమునకు ఒళ్ళు కాలిపోవును. వెనువెంటనే వాంతులు, మూర్ఛలు వచ్చును. బిడ్డ తల్లిని గుర్తింపలేని మగతలో పడును. లక్షణములు కనబడినది మొదలు ఇరువదినాలుగు గంటలు, లేదా నలువదెనిమిది గంటలు. అంతలో అంతయు ముగియును. ఇరుగుపొరుగు వారు ‘గాలి సోకినది’ అని తాయెత్తు కట్టించి, చేతిలో ఇనుప ముక్క పెట్టి, తెల్లవారనిండని ఆగునంతలో ఆ ఇరువదినాలుగు గంటలలో సగము గడచిపోవును.

అనుమానము ఒకరిపై, నేరము వేఱొకరిది

ఈ జ్వరమును చూచి మొదట అందఱును అనుమానించినది జపానీయ మెదడువాపు వ్యాధిని. అందులకు కారణము లేకపోలేదు. 1955లో వెల్లూరు ప్రాంతమున మన దేశమున తొలిసారి గుర్తింపబడిన నాటినుండి ఆ వ్యాధి తెలుగుసీమకు పరిచితమే. 1999 అక్టోబరు, నవంబరు నెలలలో అది అనంతపురము మొదలుగా పలు జిల్లాలలో చెలరేగి పిల్లలను పొట్టన పెట్టుకొనెను. ఆ వైరస్ కొంగజాతి పక్షులలోను పందులలోను వృద్ధిపొంది, వరిమళ్ళ నీటిలో పుట్టు క్యూలెక్స్ దోమ ద్వారా మనుష్యుని చేరును.

కాని 2003లో జ్వరము వచ్చినది వరి నాట్లు సరిగా పడని కాలమున. పూనాలోని జాతీయ వైరస్ అధ్యయన సంస్థకు చేరిన నమూనాలలో జపానీయ మెదడువాపు గాని, ఎఱిగియున్న ఇతర కారణములు గాని ఈ మరణములకు సరిపోలేదు. శాస్త్రజ్ఞులు ఆ నమూనాలను ప్రయోగశాలలో పెంచిన జీవకణములపై ఉంచి చూడగా, వైరస్ పెరిగెను. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని క్రింద అది తుపాకిగుండు ఆకారమున గోచరించెను. పిచ్చికుక్క కాటువలన వచ్చు రేబిస్ వైరస్ ఆకారమును అదియే; రెండును ఒకే కుటుంబమునకు చెందినవి. మరణించిన ఒక బిడ్డ మెదడులో సైతము దాని జాడ దొరికెను. దాని పేరు చండీపుర వైరస్. ఈ పరిశోధన ఫలితములు 2004లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడెను.

చండీపుర మహారాష్ట్రమున నాగపురము చేరువనున్న ఒక పల్లె. 1965లో అచట జ్వరములు వ్యాపించినప్పుడు, నాడు వైరస్ పరిశోధన కేంద్రమని పిలువబడిన ఆ పూనా సంస్థకు చెందిన భట్, రోడ్రిగ్స్ అను శాస్త్రజ్ఞులు ఇద్దఱు రోగుల రక్తమునుండి ఈ క్రొత్త వైరస్‌ను వేఱుచేసిరి. అప్పటికి దానివలన గొప్ప హాని కనబడలేదు. అయినను వారు దానికి పేరు పెట్టి, గుణములు వర్ణించి, భద్రపఱచిరి. ముప్పదియెనిమిదేండ్ల తరువాత గోదావరి తీరమున పిల్లలు రాలిపోవుచుండగా శత్రువును ఆనవాలు పట్టుటకు ఆ పాత పరిచయమే అక్కఱకు వచ్చినది. ‘ఈ చదువు దేనికి పనికివచ్చును?’ అని అడుగు విద్యార్థికి ఉపాధ్యాయుడు చెప్పదగిన జవాబు ఇందు కలదు. జ్ఞానము గాదెలో దాచిన విత్తనము వంటిది. అది అక్కఱకు వచ్చు కార్తె ఎప్పుడు వచ్చునో విత్తనము దాచినవాడు చెప్పలేడు.

ఈ నిర్ణయమును వైద్యులందఱును ఒక్కమాటగా అంగీకరింపలేదు. బిడ్డలు పోయినది మెదడు వాచుటవలన కాదనియు, మెదడులోని రక్తనాళము హఠాత్తుగా మూసికొనుటవలననియు వాదించినవారు కలరు. పక్షవాతమువలె వచ్చిన ఆ వేగమే వారి వాదమునకు ఆధారము. అయితే 2005–06లో వరంగల్లు ఆస్పత్రిలో ఇట్టి జ్వరముతో చేరిన పిల్లలను పరీక్షింపగా చండీపుర వైరస్ మరల కానవచ్చెను. ఉత్తర తెలంగాణమునకు అది వచ్చిపోవు చుట్టము కాదు, కాపురమున్న శత్రువని తేలెను. 2024 వర్షాకాలమున గుజరాతునందు అది మరల విజృంభించెను. ఆ యేడు జూన్ మొదలు ఆగస్టు నడిమి వఱకు దేశమున 245 మెదడువాపు జ్వరములు లెక్కకు రాగా, 82 మంది మరణించిరి. వానిలో 64 చండీపుర వైరస్ వలన వచ్చినవని పరీక్షలలో రూఢియయ్యెను. ఇరువదియేండ్లలో ఇంత పెద్ద విజృంభణము లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను.

గోడ నెఱ్ఱెలలోని చిన్న ఈగ

ఈ వైరస్‌ను మోయునది ప్రధానముగా దోమ కాదు. శాండ్‌ఫ్లై అను ఇసుక ఈగ. 2003 నాటి ఉపద్రవము పిమ్మట కరీంనగరము జిల్లాలో పట్టిన ఇసుక ఈగలలో ఈ వైరస్ దొరికెను. ఆ ఈగ రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. వాలినప్పుడు రెక్కలను పైకెత్తి యుంచును. దూరము ఎగురలేదు, గంతులు వేయుచున్నట్లు కొంచెము కొంచెముగా ఎగురును. పగలు గోడ పగుళ్ళలో, చీకటి మూలలలో దాగి, రాత్రివేళ బయలుదేరును. కుట్టునది ఆడ ఈగ మాత్రమే. సామాన్యపు దోమతెర కన్నులగుండ అది దూరిపోగలదు.

దోమకును దీనికిని ఉన్న ముఖ్యభేదమును పిల్లలకు తప్పక చెప్పవలెను. దోమ నిలువనీటిలో పుట్టును. ఇసుక ఈగకు నీటిగుంట అక్కఱలేదు. పేడయు, కుళ్ళిన ఆకును కలిసిన తడిమన్ను చాలును. కనుక మురుగుకాలువ బాగుచేసినంతనే దీని పీడ వదలదు. తొలకరి తడి, పశువుల కొట్టము, ఇంటిని ఆనుకొని పెంటకుప్ప, పగులు వాసిన మట్టిగోడ — ఈ నాలుగును కూడినచోట దానికి సంసారము సాగును. జనగామ మెట్టపల్లెలలోను, మానుకోట చుట్టుపట్ల తండాలలోను, భూపాలపల్లి అడవిగూడెములలోను ఇట్టి ఇండ్లు నేటికిని కలవు. అది ఆ ఇంటివారి అపరాధము కాదు, పేదరికపు గుర్తు. పిల్లవానికి వచ్చిన జ్వరము గోడ చరిత్రను చెప్పుచున్నదని మనము గ్రహింపవలెను.

పెద్దలను విడిచి పిల్లలనే ఇది ఏల పట్టునని అడుగవచ్చును. ఇట్టి ప్రాంతముల పెద్దలలో పెక్కుమంది రక్తమున ఈ వైరస్‌ను ఎదుర్కొను శక్తి కనబడినది. వారు ఎప్పుడో దానిని తెలియకయే జయించినవారు. పసివారికి ఆ కవచము లేదు. ప్రయోగశాలలో సైతము ఎదిగిన చిట్టెలుకలు తట్టుకొనగా, పాలుత్రాగు కూనలు చచ్చినవి.

మందు లేని చోట గడియారమే మందు

మెదడును పట్టు జ్వరములన్నియు ఒకటి కావు. అడవి ప్రాంతములలో మలేరియా మెదడుకెక్కినచో దానికి మందు కలదు. జపానీయ మెదడువాపునకు టీకా కలదు. కోలారు ప్రాంతమున దొరికిన వైరస్‌తో హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన టీకా 2013లో వెలువడినది. చండీపుర జ్వరమునకు నేటికిని టీకా లేదు, దానికై ప్రత్యేకించిన మందును లేదు. వైద్యుడు చేయగలిగినది మూర్ఛను ఆపుట, ఊపిరి నిలుపుట, జ్వరమును, మెదడు వాపును తగ్గించుట. ఇవి చిన్న పనులు కావు. సకాలమున జరిగినచో ప్రాణము నిలుపునవి. కాని అన్నియు ఆస్పత్రిలో జరుగవలసినవి. కనుక పల్లెకును ఆస్పత్రికిని నడుమనున్న దారియే ఈ వ్యాధిలో జీవన్మరణములను నిర్ణయించును.

వరంగల్లునకు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడును అరువది కిలోమీటర్లకు అటునిటుగా నున్నవి. 2003లో ఆ దూరమును దాటుటకు దొరికిన ఆటోయో, అద్దె జీపో శరణ్యము. 108 వాహనములు మన రోడ్లమీదికి వచ్చినది 2005 ఆగస్టులో. ప్రభుత్వ వైద్య కళాశాల మహబూబాబాదున 2022లోను, జనగామ, భూపాలపల్లులలో 2023లోను నెలకొనెను. అరువది కిలోమీటర్లు కొంత తగ్గినవన్నమాట. అయినను తండా చివరి గుడిసెనుండి తారురోడ్డు వఱకు గల దూరము, ‘తెల్లవారనిండు’ అను మాటకును ‘ఇప్పుడే పోదము’ అను మాటకును గల దూరము ఇంకను మిగిలియున్నవి. మొదటిదానిని తగ్గించుట ప్రభుత్వపు పని. రెండవదానిని తగ్గింపగలవాడు ఉపాధ్యాయుడు.

బడి తెఱచిన మొదటి వారము

పల్లెలో ప్రతి ఇంటి గడప ఎక్కగల గౌరవము ఉపాధ్యాయునకు కలదు. జ్వరము వచ్చు కాలమును, బడి తెఱచు కాలమును ఒకటే యగుట అతనికి దొరికిన అవకాశము. ఆ మొదటి వారమున ఒక గంట ఈ పాఠమునకు కేటాయించిన చాలును. తీవ్రజ్వరముతో వాంతులు గాని, మూర్ఛ గాని, మగత గాని కలిసినచో ఒక్క గడియయు ఆగక 108కు కబురు చేయవలెను. మూర్ఛలోనున్న బిడ్డను ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. నోటిలో చెంచా గాని, నీరు గాని, పసరు గాని పోయరాదు. తడిగుడ్డతో ఒళ్ళు తుడువవచ్చును. సాయంకాలము మొదలు బిడ్డలకు ఒంటినిండ బట్టలు తొడుగవలెను. సన్నని కన్నుల తెఱలో పరుండబెట్టవలెను. గోడ నెఱ్ఱెలను మట్టితోనో, సున్నముతోనో పూడ్పవలెను. పెంటకుప్పను, కొట్టమును పడకకు దూరము చేయవలెను. మందు చల్లువారు వచ్చినప్పుడు గదులు, కొట్టములు తెఱచి చూపవలెను.

ఈ పాఠమునకు ఖర్చు లేదు, పరీక్ష లేదు. ఐదవ తరగతి పిల్ల ఇంటికి పోయి తల్లితో, ‘తమ్మునికి జ్వరముతో ఫిట్స్ వచ్చిన రాత్రియే పోవలె, తెల్లారేదాక ఆగవద్దు’ అని చెప్పినచో పాఠము ఒంటబట్టినట్లే. నెఱ్ఱె పూడ్చుటకు రెండు తట్టల మన్ను చాలును. ఆ మాట చెప్పుటకు ఒక్క నిమిషము చాలును. ఈ యేటి మృగశిరకు ముందే ఆ రెండును జరుగవలెను.